మాత్రలు ఆపగానే మళ్ళీ బ్లీడింగ్ మొదలవుతోంది, గర్భసంచి తీయించుకోవాలా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీకు 38 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఎనిమిది నెలలుగా నెలసరి ఒకసారి 20 రోజులకే, ఇంకోసారి 50 రోజులకు వస్తోంది. వచ్చిందంటే పది పన్నెండు రోజులు ఆగదు, మధ్యలో మరకలు. ఈ రెండేళ్ళలో బరువు బాగా పెరిగారు. స్కానింగ్‌లో 'గర్భసంచి కాస్త పెద్దదిగా ఉంది, లోపలి పొర 11 మిల్లీమీటర్లు' అని రాశారు. హిమోగ్లోబిన్ 9.4. నారెథిస్టిరాన్ మాత్రలు పది రోజులు వాడితే ఆగింది, మానేసిన మూడో రోజున ఇంకా ఎక్కువగా మొదలైంది. మాత్రలు పనిచేయనట్టేనా, ఇది క్యాన్సరా, ఇంట్లోవాళ్ళు అంటున్నట్టు గర్భసంచి తీయించేసుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా సమాధానం: మాత్రలు పనిచేశాయి. ఆపాక వచ్చిన బ్లీడింగ్ ఆ మందు వాడితే రావలసిందే. మీ వయసులో ఇలాంటి బ్లీడింగ్ చాలామందిలో క్యాన్సర్ కాదు, కానీ మీ విషయంలో గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించకుండా 'కాదు' అని నేను చెప్పను. ఇప్పుడున్న వివరాలతో గర్భసంచి తీయించుకోవాల్సిన అవసరం కనిపించడం లేదు. రెండో కోర్సు మొదలుపెట్టే ముందు కారణం వెతకాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆ పని సగమే జరిగింది.

నేను గైనకాలజిస్టును, చాలా ఏళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నాను. మిమ్మల్ని పరీక్ష చేయకుండా రాస్తున్న సమాధానం ఇది. మీ డాక్టరుతో ఏం మాట్లాడాలో, ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి, మందులు సొంతంగా మార్చుకోవడానికి కాదు.

ముందు మాత్రల సంగతి. నెలసరి ఎలా వస్తుందో తెలిస్తే మూడో రోజున ఎందుకు మొదలైందో అర్థమవుతుంది. నెల మొదటి సగంలో అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. మధ్యలో అండం విడుదలవుతుంది. అండం బయటికి వచ్చిన చోట నుంచి ప్రొజెస్టిరాన్ తయారై, పెరిగిన ఆ పొరను గట్టిపరుస్తుంది. గర్భం రాకపోతే దాదాపు 14 రోజులకు ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, అప్పుడు పొరంతా ఒకేసారి ఊడి నాలుగైదు రోజుల్లో శుభ్రమవుతుంది. అదే నెలసరి.

ఏదైనా నెల అండం విడుదల కాలేదనుకోండి. ప్రొజెస్టిరాన్ రాదు. ఈస్ట్రోజెన్ మాత్రం పొరను పెంచుకుంటూ పోతుంది. సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చుకుంటూ పోయిన గోడ లాంటిది అది, కొంత ఎత్తు పెరిగాక ఈరోజు ఈ మూల, నాలుగు రోజుల తర్వాత ఆ మూల రాలుతుంది. అందుకే తేదీ ఉండదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. రెండు నెలలు రాకుండా ఉండి, వచ్చినప్పుడు వరదలా రావడానికి కారణం కూడా ఇదే.

నారెథిస్టిరాన్ అనేది ప్రొజెస్టిరాన్ జాతి మందు. మాత్రలు వేసుకున్నన్ని రోజులు పొర నిలబడుతుంది. ఆపితే రెండు మూడు రోజుల్లో, మామూలు నెలసరిలో జరిగినట్టే, పేరుకున్నదంతా ఊడుతుంది. నెలల తరబడి పేరుకుంది కాబట్టి మొదటిసారి ఎక్కువగానే పోతుంది. ఈ ముక్క మందు రాసిచ్చేటప్పుడు చెప్పి ఉంటే మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో 'మందు పడలేదు డాక్టర్' అనేవాళ్ళు చాలామందికి నిజానికి మందు చక్కగా పడి ఉంటుంది. మందు ఆపాక ఏమవుతుందో ఎవరూ చెప్పి ఉండరు, అంతే. మామూలుగా ఆ బ్లీడింగ్ వారంలోపు తగ్గాలి. వారం దాటినా అదే జోరులో ఉందంటే మాత్రం అప్పుడు ఆలోచించాలి.

ఇంకొక భయం కూడా తీర్చేస్తాను. నెలసరి రాని నెలల్లో 'చెడు రక్తం లోపల పేరుకుపోయి విషమవుతుంది' అని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. ఇక్కడ పేరుకునేది పొర. ఏళ్ళ తరబడి ప్రొజెస్టిరాన్ లేకుండా ఆ పొర అలాగే పెరుగుతూ ఉంటే దాని కణాల్లో మార్పులు రావచ్చు, అసలు ఆలోచించాల్సిన విషయం అది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకో, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉన్నవాళ్ళకో నెలసరి రాకపోతే కంగారు అక్కర్లేదు, వాళ్ళలో పొర పెరగనే పెరగదు.

ఇక అసలు ఏది మామూలు, ఏది కాదు? ఫిగో అనే అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవైద్య సమాఖ్య లెక్క ప్రకారం 24 నుంచి 38 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. 8 రోజుల వరకు ఉండొచ్చు. ఒక నెలకూ ఇంకో నెలకూ వారం, తొమ్మిది రోజుల వరకు తేడా ఉన్నా ఫర్వాలేదు. 28వ రోజే రావాలన్న నియమమేమీ లేదు. 26 రోజులకోసారి, 31 రోజులకోసారి వస్తోందని కంగారుపడుతూ వచ్చేవాళ్ళను నేను ఏ పరీక్షా రాయకుండానే పంపించేస్తాను. మీకు 20 నుంచి 50 రోజులు, పైగా పది పన్నెండు రోజులు, అదీ ఎనిమిది నెలలుగా. ఇది మామూలు కాదు.

ఎంత పోతే ఎక్కువ అన్నదానికి పుస్తకాల్లో 80 మిల్లీలీటర్లు అని ఉంటుంది. ఎవరూ కొలవరు, కొలవక్కర్లేదు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, రాత్రి నిద్రలేచి మార్చుకోవాల్సి వస్తోందా, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుంటున్నారా, రెండున్నర సెంటీమీటర్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నాయా, బయటికి వెళ్ళడమే మానేస్తున్నారా అని అడుగుతాను. వీటిలో ఏది ఉన్నా ఎక్కువ పోతున్నట్టే. మీ 9.4 హిమోగ్లోబిన్ ఎలాగూ ఆ మాట చెప్తూనే ఉంది.

స్కానింగ్ కన్నా ముందు నాకు కావలసింది తేదీలు. నా దగ్గరికి స్కానింగ్ రిపోర్టుల కట్టతో వస్తారు, కానీ పోయిన మూడు నెలల్లో ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది అంటే చెప్పలేరు. ఒక కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో అయినా సరే. బ్లీడింగ్ మొదలైన రోజు, ఆగిన రోజు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడ్డాయా, మరకలు మాత్రమే పడిన రోజులు ఏవి, మాత్రలు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు. మరకలనూ అసలు బ్లీడింగ్‌నూ వేరువేరుగా గుర్తు పెట్టండి, రెండూ కలిపేస్తే దారి తప్పుతాం.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కారణం చాలావరకు ఆ తేదీల్లోనే దొరుకుతుంది. తేదీ తప్పకుండా వస్తూ, వచ్చినప్పుడు మాత్రం విపరీతంగా పోతుంటే అండం విడుదల సరిగానే ఉంది, లోపం గర్భసంచి గోడలోనో రక్తం గడ్డకట్టే తీరులోనో ఉంటుంది. గర్భసంచి గోడలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు, గోడ కండరంలోకి లోపలి పొర చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్, కాపర్ టీ, రక్తం పలచబడే మందులు ఈ కోవలోకి వస్తాయి. తేదీ తప్పకుండా వస్తూ మధ్యలో మరకలు పడుతుంటే పాలిప్ అనే చిన్న కండ ఉందేమో, గర్భసంచి ముఖద్వారం దగ్గర ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. సిజేరియన్ అయినవాళ్ళలో కుట్టు దగ్గర చిన్న గుంటలా ఏర్పడి అందులో రక్తం నిలుస్తుంది, నెలసరి అయిపోయాక నాలుగైదు రోజులు ముదురు గోధుమరంగు మరకలు దానివల్ల రావచ్చు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే చూడాల్సింది ముఖద్వారాన్ని, స్కానింగ్ తర్వాత సంగతి. అసలు తేదీ అన్నదే లేకుండా పోతే, మీకు లాగా, మొదటి అనుమానం అండం విడుదల మీదికి వెళ్తుంది.

2011లో ఫిగో ఈ కారణాలన్నిటినీ తొమ్మిది గుంపులు చేసి పామ్-కోయిన్ అని పేరు పెట్టింది. మొదటి నాలుగు కంటికి, స్కానింగ్‌కు, మైక్రోస్కోపుకు కనిపించేవి: పాలిప్, ఎడినోమయోసిస్, ఫైబ్రాయిడ్, క్యాన్సరో దానికి ముందు దశో. మిగతావి అలా కనిపించనివి: రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం విడుదలలో లోపం, లోపలి పొరలోనే లోపం, మందుల వల్లో లూప్ వల్లో వచ్చేవి, ఇంకా ఎందులోనూ ఇమడనివి. పేర్లన్నీ మీకు అక్కర్లేదు. స్కానింగ్ నార్మల్ అంటే సగం కారణాలు ఇంకా మిగిలే ఉన్నాయని తెలిస్తే చాలు.

మీ స్కానింగ్ రిపోర్టులో రెండు మాటలు మిమ్మల్ని భయపెట్టినట్టున్నాయి. గర్భసంచి కాస్త పెద్దదిగా ఉండటం ఇద్దరు పిల్లలు పుట్టినవాళ్ళలో చాలా మామూలు. నెలసరిలో కడుపునొప్పి ఏటేటా పెరుగుతుంటే, కలయికలో లోతుగా నొప్పి ఉంటే ఎడినోమయోసిస్ గురించి ఆలోచిస్తాం. నొప్పి లేదని మీరు రాశారు. రెండోది, 11 మిల్లీమీటర్ల పొర. నెలసరి ఇంకా వస్తున్నవాళ్ళలో ఈ అంకెకు స్కానింగ్ ఏ రోజున తీశారో తెలియకుండా అర్థం లేదు. నెలసరి అయిన వెంటనే 4 ఉంటుంది, వచ్చే ముందు 14 కూడా ఉండొచ్చు, రెండూ మామూలే. 4 మిల్లీమీటర్లు దాటితే భయం అన్న మాట మీరు ఎక్కడో చదివి ఉంటారు. అది ముట్లు పూర్తిగా ఆగిపోయాక రక్తం కనిపించినవాళ్ళకు వర్తించే లెక్క. మీకు కాదు.

మరి ఇంకా ఏం చేయించాలి?

మొదటిది ప్రెగ్నెన్సీ టెస్టు. 'ఆపరేషన్ అయింది కదా' అంటారు, తెలుసు. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే అవకాశం మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువ. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకామె నెలన్నర పాటు 'హార్మోన్ల తేడా' అన్న పేరుతో మాత్రలు వాడి, ఒకవైపు పొత్తికడుపు నొప్పితో నా దగ్గరికి వచ్చింది. టెస్టు పాజిటివ్, ట్యూబులో గర్భం. ఆమెకూ ఆపరేషన్ అయి ఏళ్ళు గడిచాయి. చిన్న మూత్ర పరీక్ష అది, పదిహేనేళ్ళ వయసు నుంచి ముట్లు ఆగేదాకా, బ్లీడింగ్ తేడా అంటూ ఎవరొచ్చినా నేను చేయించేది ముందు అదే.

రెండోది పడుకోబెట్టి చేసే పరీక్ష. స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి ముఖద్వారాన్ని కంటితో చూడడం, చేత్తో గర్భసంచి పరిమాణం చూడడం. మీ ప్రశ్నలో ఎక్కడా దీని మాట లేదు, అందుకే అనుమానం. సిగ్గుతో పేషెంట్లు వద్దంటారు, తీరిక లేక డాక్టర్లు వదిలేస్తారు. ఏడాది పాటు రకరకాల హార్మోన్ మాత్రలు వాడిన ఒకామెకు నేను స్పెక్యులమ్ పెట్టగానే ముఖద్వారం నుంచి వేలాడుతున్న పాలిప్ కనిపించింది. అక్కడే, మత్తు కూడా లేకుండా తీసేశాను, మరకలు ఆగిపోయాయి. ఆమె దగ్గర అప్పటికే నాలుగు స్కానింగ్ రిపోర్టులున్నాయి. ఎలాగూ పరీక్ష చేస్తారు కాబట్టి ముఖద్వారం క్యాన్సర్ కోసం పాప్ పరీక్షో హెచ్‌పీవీ పరీక్షో చేయించుకుని చాలాకాలమై ఉంటే అదీ అడగండి.

రక్తపరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ తప్పనిసరి. పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ కూడా చేయిస్తే మంచిది, ముఖ్యంగా పాలిచ్చే రోజులు దాటినా రొమ్ముల్లోంచి పాలలాంటి ద్రవం వస్తుంటే. బరువు పెరిగారు కాబట్టి షుగర్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే నెలసరి ఎక్కువగా, తేదీ లేకుండా రావచ్చు. గర్భసంచి తీయించుకోవడానికి సిద్ధపడి వచ్చి, థైరాయిడ్ మాత్రతో నాలుగైదు నెలల్లో దారిలో పడినవాళ్ళు నాకు ఉన్నారు. ఏవేవో హార్మోన్లన్నీ కలిపిన పెద్ద ప్యాకేజీ పరీక్షలు మాత్రం అక్కర్లేదు. వాటిలో సగం రిపోర్టులు చూసి చికిత్సలో మార్చేది ఏమీ ఉండదు.

మూడోది బయాప్సీ, అంటే మొదట్లో చెప్పిన ముక్క పరీక్ష. 45 ఏళ్ళు దాటినవాళ్ళలో ఇలాంటి బ్లీడింగ్‌కు ఇది మొదట్లోనే చేయాలి. అంతకన్నా చిన్నవాళ్ళలో కూడా బరువు ఎక్కువగా ఉండి, చాలాకాలంగా అండం విడుదల కాకుండా ఉంటే, లేదా మందులకు లొంగకపోతే చేయాలి. మీకు 38, కానీ బరువూ ఉంది, ఎనిమిది నెలల కాలమూ ఉంది. శరీరంలో కొవ్వు కూడా ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది, అందుకే బరువు ఎక్కువగా ఉన్నవాళ్ళలో లోపలి పొర గురించి మాకు ఎక్కువ జాగ్రత్త. సన్నని గొట్టం లోపలికి పెట్టి కొంచెం పొర పీల్చి తీస్తారు, ఓపీలోనే అయిపోతుంది. నెలసరి నొప్పి లాంటి నొప్పి కొన్ని నిమిషాలు గట్టిగానే ఉంటుంది, నొప్పే ఉండదని చెప్పను. ముందుగా నొప్పి మాత్ర వేసుకోవచ్చేమో అడగండి. పాలిప్ అనుమానం ఉంటే హిస్టెరోస్కోపీ, అంటే చిన్న కెమెరాతో లోపల చూస్తూ చేయడం మేలు. గుడ్డిగా తీసిన ముక్కలో పాలిప్ తప్పిపోవచ్చు.

రిపోర్టులో హైపర్‌ప్లేసియా అని, అంటే లోపలి పొర అతిగా పెరిగిందని వస్తే హడలిపోకండి. కణాల్లో అసాధారణ మార్పులు లేని రకం ప్రొజెస్టిరాన్ మందులతో చాలావరకు తగ్గిపోతుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ ముక్క తీసి చూస్తారు. మార్పులు ఉన్న రకం అయితే సంగతి వేరు, అప్పుడు గర్భసంచి తీయడమే సాధారణంగా చెప్పే సలహా.

ఇప్పుడు చికిత్స. బ్లీడింగ్‌ను తగ్గించే మందులు, తేదీలను దారిలో పెట్టే మందులు వేరువేరు. ఈ తేడా తెలియక ఒకదాని పని ఇంకొకటి చేయలేదని తిట్టుకుంటుంటారు.

ట్రానెక్సామిక్ యాసిడ్ మొదటి రకం. హార్మోన్ కాదు. ఏర్పడిన రక్తపు గడ్డ త్వరగా కరిగిపోకుండా ఆపుతుంది, అంతే. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, షొసుకే ఒకమోటో అనే డాక్టర్ దంపతులు 1962లో దీన్ని బయటికి తెచ్చారు. ప్రసవమయ్యాక రక్తస్రావంతో తల్లులు చనిపోకుండా ఆపే మందు కోసం వెతుకుతూ వాళ్ళు దీన్ని చేరుకున్నారు. ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే, మామూలుగా ఒక్కో గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులు. పోయే రక్తం దాదాపు సగానికి తగ్గుతుంది. తేదీలు మాత్రం మారవు, ఎందుకంటే అది దాని పని కాదు. కాళ్ళ నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు వాడకూడదు, కిడ్నీ జబ్బు ఉంటే డోసు తగ్గించాలి. మెఫెనామిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలు కూడా బ్లీడింగ్‌ను కొంత తగ్గిస్తాయి, నొప్పి కూడా ఉన్నవాళ్ళకు ఒకే దెబ్బకు రెండు పిట్టలు. అల్సర్, ఆస్తమా ఉంటే డాక్టరుకు చెప్పండి.

తేదీలను దారిలో పెట్టేవి హార్మోన్లు. లోపమే ప్రొజెస్టిరాన్ అయినప్పుడు ప్రొజెస్టిరాన్ ఇవ్వడమే న్యాయం. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ లాంటివి ప్రతి నెలా 12 నుంచి 14 రోజులు వాడి ఆపితే, ఆ తర్వాత నెలసరి వచ్చి పొర శుభ్రమవుతుంది. ఒక్క కోర్సు వాడి వదిలేస్తే ఆ ఒక్క నెలకే పనిచేస్తుంది. అండం విడుదల మళ్ళీ మొదలవ్వనంతకాలం తర్వాతి నెల కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఇక్కడితో ఆపేస్తే మీకూ జరిగేది అదే. ఇలాంటివి కనీసం మూడు నుంచి ఆరు నెలలు క్రమంగా వాడి, అప్పుడు ఆపి చూడాలి.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు కూడా బాగా పనిచేస్తాయి. గర్భనిరోధకం అని పేరుండటంతో 'నాకు ఆపరేషన్ అయింది, ఇవెందుకు' అంటారు. ఇక్కడ వాటిని వాడేది నెలసరి కోసం. కానీ 35 దాటి పొగతాగేవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులు కనిపించి తర్వాత తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు వాడకూడదు. మీ వయసు, బరువు చూస్తే నేనైతే వీటికన్నా కింద చెప్పే దాన్ని ముందు సూచిస్తాను.

అది హార్మోన్ లూప్, లెవోనార్జెస్ట్రెల్ ఉన్న రకం. కాపర్ టీతో కలిపేసి చాలామంది వద్దంటారు. కాపర్ టీ బ్లీడింగ్‌ను పెంచుతుంది, ఇది బాగా తగ్గిస్తుంది. మందు గర్భసంచి లోపలే కొంచెం కొంచెంగా విడుదలై పొరను పలచగా ఉంచుతుంది. కొన్ని నెలలు గడిచాక పోయే రక్తం 70 నుంచి 90 శాతం పైగా తగ్గుతుంది, కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. మార్పులు లేని హైపర్‌ప్లేసియాకు కూడా ఇదే మంచి మందు. ఒక్క చిక్కు ఉంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు ఎప్పుడుపడితే అప్పుడు పడతాయి. దీన్ని ముందే చెప్పించుకోని వాళ్ళు మూడో నెలలో విసిగి తీయించేసుకుంటారు, ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే సరిపోయేది. నా అభిప్రాయంలో గర్భసంచి తీయించుకోవాలన్న ఆలోచన వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు దీని గురించి చెప్పి తీరాలి.

బరువు సంగతి చెప్తే పేషెంట్లకు కోపం వస్తుంది, 'అన్నిటికీ ఇదే అంటారు' అని. కానీ పీసీఓడీ (అండం సరిగా విడుదల కాక అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగలు కనిపించే సమస్య) ఉన్నవాళ్ళలోనూ, బరువు పెరిగాక అండం విడుదల తప్పినవాళ్ళలోనూ ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందికి నెలసరి తేదీకి వస్తుంది. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. బొమ్మలా సన్నబడమని ఎవరూ అనడం లేదు.

ఇక టెన్షన్. 'టెన్షన్ వల్లేనేమో' అని మీరే రాశారు. తీవ్రమైన ఒత్తిడి, ఒక్కసారిగా బరువు తగ్గడం, మితిమీరిన వ్యాయామం మెదడు నుంచి అండాశయానికి వెళ్ళే సంకేతాలను ఆపగలవు. అప్పుడు సాధారణంగా నెలసరి రావడమే ఆగుతుంది. పన్నెండు రోజులు గడ్డలుగా పోతుంటే దాన్ని టెన్షన్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

హిమోగ్లోబిన్ 9.4 గురించి ఎవరూ గట్టిగా మాట్లాడినట్టు లేదు. 12 కన్నా తక్కువైతే రక్తహీనత. బ్లీడింగ్‌కు కారణం తేలేదాకా ఆగకుండా ఐరన్ ఈరోజే మొదలుపెట్టొచ్చు. రోజుకొక మాత్ర, కడుపులో మంటగా ఉంటే రోజు విడిచి రోజు. రెండోదీ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఒకేసారి ఎక్కువ ఐరన్ ఇచ్చినా పేగు అంతా పీల్చుకోదు. టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోవద్దు, గంటా రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుంది, భయపడకండి. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపేయకుండా ఇంకో మూడు నెలలు వాడాలి, అప్పుడే లోపలి నిల్వ నిండుతుంది. ఆ నిల్వను చెప్పేదే ఫెరిటిన్, 30 కన్నా తక్కువ ఉంటే ఖాళీ అయినట్టే. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడడం, ఐస్ ముక్కలు నమలాలనిపించడం ఇవన్నీ వయసువల్ల అనుకుని ఏళ్ళు నెట్టుకొస్తారు. ఐరన్ పడకపోతే, లేదా నెల వాడినా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే సెలైన్ ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది.

గర్భసంచి తీయడం. దానికి నేను వ్యతిరేకిని కాను, చాలా చేశాను, చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది హాయిగా ఉన్నారు. క్యాన్సర్, మార్పులున్న హైపర్‌ప్లేసియా, పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులూ లూప్ కూడా పనిచేయని ఎడినోమయోసిస్ వంటి వాటికి అది సరైన చికిత్సే. మీకు మాత్రం ఇంకా జబ్బు పేరే తేలలేదు, మందులు ఒక్క పది రోజులు వాడారు. 'పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అదెందుకు' అన్నది కారణం కాదు. ఆపరేషన్ మాట వస్తే తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అండాశయాలు కూడా తీస్తారా, ఉంచుతారా? 38 ఏళ్ళకు అండాశయాలు తీసేస్తే మర్నాటి నుంచే ముట్లు ఆగిన వయసు మొదలైనట్టు. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు త్వరగా వస్తాయి. గట్టి కారణం లేకుండా తీయనివ్వకండి. ఉంచినా సరే, గర్భసంచి తీసినవాళ్ళలో అండాశయాలు కాస్త ముందుగానే పని మానేయొచ్చు.

మీ ప్రశ్న కింద ఇంకో ఇద్దరు తమ ఇంట్లోవాళ్ళ గురించి అడిగారు కాబట్టి వాళ్ళకు రెండు ముక్కలు.

పదమూడేళ్ళ అమ్మాయికి తేదీ లేదని అడిగినవారికి: మొదటి రెండు మూడేళ్ళు 21 నుంచి 45 రోజుల మధ్య రావడం మామూలే, మెదడుకూ అండాశయానికీ పొత్తు కుదరడానికి సమయం పడుతుంది. స్కానింగ్ చూసి ఆ వయసులో పీసీఓడీ అని ముద్ర వేయకూడదు, ఆ వయసు అండాశయాలు సహజంగానే అలా కనిపిస్తాయి. కానీ మొట్టమొదటి నెలసరి నుంచీ విపరీతంగా పోతుంటే, ముక్కులోంచి తరచూ రక్తం వస్తుంటే, పన్ను పీకినప్పుడు ఆగకపోతే, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతుంటే రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయించాలి. రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బు ఇలాగే బయటపడుతుంది. 1926లో ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు దీన్ని మొదట రాసింది కూడా ఒక చిన్న అమ్మాయి కుటుంబం గురించే, ఆ అమ్మాయి తన నాలుగో నెలసరిలో రక్తస్రావంతో చనిపోయింది. ఇప్పుడు ఎవరికీ ఆ గతి పట్టనక్కర్లేదు, మందులున్నాయి. మీరు అడిగిన పదమూడేళ్ళ అమ్మాయి తల్లిని కూడా అడగండి, మా దగ్గర చాలాసార్లు కూతురి జబ్బు తేలాక తల్లికీ అదే ఉందని తెలుస్తుంది. 'మా ఇంట్లో అందరికీ ఇంతే' అని ఆమె సర్దుకుపోయి ఉంటుంది.

యాభై ఆరేళ్ళ తల్లికి మళ్ళీ కొంచెం కనిపించిందని, ఒక్కరోజే కాబట్టి ఫర్వాలేదా అని అడిగినవారికి: ఫర్వాలేదని కాదు. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఈ వారమే చూపించాలి. ఎక్కువమందిలో పొర పలచబడటమో పాలిప్పో ఉంటుంది, కానీ పదిమందిలో సుమారు ఒకరిలో క్యాన్సర్ ఉంటుంది. తొలిదశలో దొరికితే గర్భసంచి తీయడంతోనే చాలామందికి నయమవుతుంది. మళ్ళీ ఆగిపోయింది కదా అని ఊరుకోవద్దు.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను అమ్మా. గంటకొక ప్యాడ్ చొప్పున రెండు గంటలకు పైగా తడిసిపోతుంటే, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే, గుండె దడదడలాడుతుంటే, లేదా ప్రెగ్నెన్సీ టెస్టు పాజిటివ్ వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, రాత్రయినా సరే. 9.4 మీద మొదలైన మనిషికి పడిపోవడానికి ఎక్కువ దూరం లేదు.

అలాంటిదేమీ లేకపోతే ఈ వారంలో ప్రెగ్నెన్సీ టెస్టు, సీబీసీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ చేయించి, ఎనిమిది నెలల తేదీలు గుర్తున్నంతవరకు రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. స్పెక్యులమ్ పరీక్ష చేయమని, బయాప్సీ అవసరమా అని మీరే అడగండి. బ్లీడింగ్ ఉందని పరీక్ష వాయిదా వేయక్కర్లేదు, అవసరమైతే ఆ స్థితిలో కూడా చూస్తారు. ఇంట్లో మిగిలి ఉందన్న రెండో స్ట్రిప్ నారెథిస్టిరాన్ అంతవరకు సొంతంగా మొదలుపెట్టకండి. రెండు రోజులు వేసుకుని తగ్గిందని మానేయడం, మళ్ళీ వస్తే మళ్ళీ వేసుకోవడం చేస్తే ఏది నెలసరో ఏది మందు ఆపినందుకు వచ్చిందో నాకే కాదు, ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.